దుమ్ము జోలికి పోకండి

ఇల్లు శుభ్రంగా ఉండాలంటే రోజూ దులపాలి, రెండు పూటలా ఊడవాలి అని మనకు చిన్నప్పటి నుంచీ నూరిపోశారు. నేను చెప్పేది దానికి పూర్తిగా ఎదురు. దులపడం మానేయండి. ఊడవడం బాగా తగ్గించండి. బీరువా నెత్తిన పేరుకున్న దుమ్మును పండగ దాకా ముట్టుకోకండి. పొద్దున లేవగానే పక్క సర్దకండి. చుట్టాలు వస్తున్నారని ఫోన్ రాగానే చీపురు అందుకోకండి. బద్ధకం నేర్పుతున్నానని అనుకున్నా సరే, ఇందులో ప్రతి మాటా మనసారా చెబుతున్నదే. దుమ్ము కింద పడి ఉన్నంతసేపూ ఉత్త మురికి. గాలిలోకి లేచాకే అది జబ్బవుతుంది. దాన్ని లేపేది చాలావరకు మనమే, అదీ శుభ్రం చేస్తున్నామన్న పేరుతో.

ఇంట్లో దుమ్మంతా వీధిలోంచే వస్తుందనుకుంటాం. వీధి వాటా ఉంది, కాదనను. చెప్పులకు అంటిన మట్టి, బండ్ల పొగ, పక్క సందులో కడుతున్న అపార్టుమెంటు సిమెంటు అన్నీ వస్తాయి. కానీ ఇంట్లో పుట్టేదీ తక్కువేం కాదు. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు, వెంట్రుకలు, చీరలూ దుప్పట్లూ తువ్వాళ్లూ రాల్చే నూలు పీచు, తాలింపు పొగ, అగరొత్తి నుసి, ఎండిన బొద్దింకల రెక్కల ముక్కలు. పరుపుల్లో, తలగడల్లో డస్ట్ మైట్లనే పురుగులుంటాయి. మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండవు. ఆ చర్మపు పొట్టు తినే బతుకుతాయి. వాటి మలం ఊపిరిలోకి పోతే పడనివాళ్లకు తుమ్ములు, పిల్లికూతలు, ఆయాసం. పరుపులో కదలకుండా ఉన్నంతవరకు అదేమీ చెయ్యదు. దుప్పటి విదిలించినప్పుడు లేస్తుంది.

కిటికీలోంచి ఎండ చార పడే వేళ దుప్పటి ఒక్కసారి విదిలించి చూడండి. ఆ వెలుగులో లక్షల నలుసులు సుడులు తిరుగుతూ కనిపిస్తాయి. అవి పెద్దవి కాబట్టి కనిపిస్తున్నాయి. అసలు చేటు చేసేవి కంటికి ఆననివి. మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. 10 మైక్రాన్ల రేణువు కదలని గాలిలో రెండు మీటర్ల ఎత్తు నుంచి నేలకు దిగడానికి పది పన్నెండు నిమిషాలు పడుతుంది. 2.5 మైక్రాన్లదైతే దాదాపు మూడు గంటలు. ఒక్క మైక్రాన్‌ది పొద్దున లేస్తే రాత్రికి కానీ దిగదు. అదీ గాలి నిలకడగా ఉంటేనే. మన ఇళ్లలో ఫ్యాను ఆగేదెప్పుడు? ఎనిమిదింటికి ఇల్లంతా ఊడ్చి, ఎనిమిదిన్నరకు ఇడ్లీలు పెట్టుకుని కూర్చుంటే, ఊడ్చిన దాంట్లో సన్నదంతా ఇంకా మన చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. చేటలోకి వచ్చింది ముతకదే.

పొడి చీపురు

మన నట్టింట్లో తిరిగే చీపురు కొండచీపురు. పాడేరు, అరకు వైపు కొండల్లో ఏపుగా పెరిగే గడ్డి పూత అది. గిరిజనులు కోసి, ఆరబెట్టి, కట్టలు కట్టి సంతలకు తెస్తారు. గిరిజన సహకార సంస్థ కూడా కొంటుంది. మెత్తగా, ఒత్తుగా, చేతికి తేలిగ్గా ఉండే మంచి సరుకు. కానీ అది గడ్డి పువ్వు. కొత్తది కొన్న మొదటి వారం మీరు ఊడ్చేదానికంటే అది రాల్చేదే ఎక్కువ. తీసుకొచ్చిన రోజే డాబా మీదికి పట్టుకెళ్లి పిట్టగోడకు పది దెబ్బలు కొట్టండి. పాత దువ్వెనతో కొసలు దువ్వండి. బకెట్ నీళ్లలో ముంచి తీసి, తలకిందులుగా వేలాడదీసి నీడన ఆరనివ్వండి. అప్పటికి ఆ నుసి చాలావరకు పోతుంది.

అంత చేసినా పొడి నేల మీద పొడి చీపురు వద్దనే నా మాట. మట్టి వాకిట్లో కళ్లాపి చల్లితే దుమ్ము అణిగేది. ఎండాకాలం ఊడ్చే ముందు కూడా చేత్తో నాలుగు నీళ్లు చిలకరించేవాళ్లు. ఇంట్లోకి గచ్చులూ టైల్సూ వచ్చాక ఆ నీళ్లు పోయాయి, చీపురు మాత్రం మిగిలింది. అమెరికాలో కట్టుబడి పనులకు 2016లో తెచ్చిన సిలికా (రాళ్లూ టైల్సూ కోస్తే లేచే దుమ్ము) నిబంధన ప్రకారం, తడిపి ఊడవడమో మంచి ఫిల్టరున్న వాక్యూమ్ పెట్టడమో వీలైన చోట ఆ దుమ్మును పొడిగా ఊడవనివ్వకూడదు. పక్క ప్లాటులో టైల్స్ కోస్తుంటే మన హాల్లోకి వచ్చి పడేదీ ఆ రకం దుమ్మే. దాన్ని మనం రోజూ రెండు పూటలా పొడిగా ఊడుస్తున్నాం.

కాబట్టి ఇల్లంతా వారానికి రెండు రోజులు, తడిగుడ్డతో. మిగతా రోజుల్లో వంటగది, అన్నం తినే చోటు మాత్రమే. మెతుకులు పడితే చీమలు వస్తాయి కాబట్టి అక్కడ మినహాయింపు. వెంట్రుకలూ కాగితం ముక్కలూ ఏరడానికి చీపురు తప్పదనుకుంటే ఫ్యాను ఆపి, చీపురును నేలకు అదిమి, నెమ్మదిగా మీవైపు లాక్కోండి. కొసలు ఎగరేస్తూ విసురుగా ఊడవడం చూడటానికే పనితనం. అయిన వెంటనే ఫ్యాను వెయ్యకండి, అరగంట ఆగండి.

తడిగుడ్డ అన్నానని నీళ్లు కారే గుడ్డ కాదు. గట్టిగా పిండితే చెమ్మ తగిలీ తగలనట్టు ఉండాలి. బకెట్లు రెండు ఉండాలి. ఒకదాంట్లో మురికి గుడ్డ జాడించి, రెండోదాంట్లోని మంచి నీళ్లలో ముంచి పిండండి. ఒకే బకెట్‌తో ఇల్లంతా తుడిచేవాళ్లు మూడో గదికి వచ్చేసరికి ఆ నల్లనీళ్లతో నేలకు దుమ్ము పూస్తున్నట్టే. ఆరాక అది సన్నటి పొరగా తేలుతుంది, సాయంత్రానికి పాదాలకు అంటుతుంది. అప్పుడు ఇల్లు మళ్లీ మురికైందని ఇంకోసారి ఊడుస్తాం.

దులపడం బదులు

ఈకల కుచ్చులు, రంగురంగుల దారాల కుచ్చులు, ప్లాస్టిక్ బ్రష్షులు అన్నీ ఒకేలా తప్పు పనిముట్లు. అవి టీవీ మీది దుమ్మును సోఫా మీదికి, సోఫా మీదిదాన్ని మన ముక్కులోకి పంపుతాయి. నాకు తెలిసి మెత్తబడిన పాత నూలు పంచెను మించిన గుడ్డ లేదు. జానెడు వెడల్పు ముక్కలుగా చింపి, తడిపి పిండి, నాలుగు మడతలు వెయ్యండి. ఒక వైపు మురికయ్యాక మడత తిప్పండి, అన్ని వైపులూ అయ్యాక జాడించండి. రుద్దకండి. ఒక చివర మొదలుపెట్టి రెండో చివర దాకా ఒక్క లాగు లాగండి. మైక్రోఫైబర్ గుడ్డలూ మంచివే, వాటిని ఉతికేటప్పుడు కంఫర్ట్ లాంటి మెత్తబరిచే ద్రవాలు వెయ్యకూడదు. వేస్తే దుమ్ము పట్టే గుణం తగ్గిపోతుంది. టీవీ తెరకు మాత్రం పొడి మైక్రోఫైబర్, అదీ స్విచ్ ఆపాక.

ఫ్యాను రెక్కలకు పాత తలగడ గలీబు. స్టూలెక్కి గలీబును రెక్కకు తొడిగి, పైనుంచి రెండు చేతులతో ఒత్తి పట్టి, కొసవైపు లాగండి. దుమ్మంతా గలీబులోనే పడుతుంది, మంచం మీద రాలదు. రెక్కల్లో గాలిని చీల్చే అంచు మీదే నల్లటి గట్టు కడుతుంది. దానికి మాత్రం రెండోసారి తడిగుడ్డ కావాలి. గలీబును లోపలివైపు తిరగేయకుండా మూతి ముడిచి బయటికి తీసుకెళ్లండి.

బూజుకూ ఇదే లెక్క. బూజుకర్ర కొసకు తడిపి పిండిన నూలు గుడ్డ చుట్టి దారంతో బిగించి, మూలల్లో తిప్పుతూ పొండి. బూజు గుడ్డకు చుట్టుకుంటుంది, నెత్తిన పడదు. సున్నం గోడలకు మరీ తడి తగలనివ్వకండి, మరకలు కడతాయి.

వాక్యూమ్ క్లీనర్ ఉన్నవాళ్లు ఒక సంగతి చూసుకోవాలి. మామూలు ఫిల్టరున్న మిషను ముందు నుంచి ముతక దుమ్ము పీల్చి, వెనక నుంచి సన్నదాన్ని ఊదుతుంది. 0.3 మైక్రాన్ల రేణువుల్లో నూటికి 99.97 వంతులు ఆపేదాన్నే హెపా అంటారు. అది ఉంటే వాడండి, లేకపోతే తడిగుడ్డే నయం. డబ్బా ఖాళీ చేసేది వంటింటి చెత్తబుట్టలో కాదు, ఆరుబయట.

ఇక బీరువా నెత్తి, అటక, పుస్తకాల అలమర పైఅర. వీటిని కదిలించకండి. ఎవరూ ముట్టని చోట, గాలి తగలని చోట పడుకున్న దుమ్ము ఎవరి ఊపిరికీ రాదు. వారం వారం స్టూలెక్కి దాన్ని లేపేవాళ్లే ఇంటిల్లిపాదికీ పంచుతున్నారు. ఫ్యాను గాలి తగిలే చోటైతే పాత న్యూస్‌పేపరు పరచండి. పండగ ముందు ఆ కాగితాన్ని నాలుగు అంచులూ లోపలికి మడిచి, పొట్లంలా దించి పారేస్తే చాలు.

పడకగది

లేవగానే పక్క సర్దడం మంచి అలవాటని పిల్లలకు నేర్పుతాం. నేను ఆపమంటాను. రాత్రంతా మన చెమట, ఊపిరి తేమ పరుపులోకి దిగి ఉంటాయి. డస్ట్ మైట్లు నీళ్లు తాగవు, గాలిలోని తేమనే ఒంటితో పీల్చుకుంటాయి. గాలి పొడిగా ఉంటే నిలవలేవు. లేవగానే దుప్పటి కప్పేసి, పైన బెడ్‌కవరు బిగించామంటే ఆ తేమను వాటికి దాచిపెట్టినట్టే. దుప్పటి కాళ్లవైపు మడిచి, పరుపును పదకొండింటి దాకా తెరిచి వదిలేయండి. కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు ఊళ్లవాళ్లకు ఇది మరీ ముఖ్యం. అక్కడ గాలిలో తేమ ఏడాదిలో చాలా నెలలు ఆ పురుగులకు అనువుగానే ఉంటుంది. అనంతపురం ఎండల్లో ఉన్నవాళ్లకు ఆ బెంగ తక్కువ.

దుప్పట్లు గదిలో విదిలించకండి. అలాగే నెమ్మదిగా ఉండచుట్టి ఉతుకులో వెయ్యండి. నీళ్లు 60 డిగ్రీలుంటే పురుగులు చస్తాయి, చల్లనీళ్లలో చాలామటుకు బతుకుతాయి. కొన్ని మిషన్లలో ఆ వేడి పెట్టుకునే వీలుంటుంది. బూరుగు దూది పరుపులూ తలగడలూ ఏళ్లు గడిచేకొద్దీ పొడి రాలుస్తాయి. గుడ్డ పలచబడిన తలగడను మీద గలీబు మార్చి ఇంకో ఐదేళ్లు లాగకండి. పరుపులు ఎండలో వేసే పాత అలవాటు మాత్రం బంగారం లాంటిది. ఏప్రిల్, మే నెలల్లో డాబా మీద ఒక పూట ఒకవైపు, ఇంకో పూట రెండోవైపు. కర్రతో బాదేది అక్కడే, బాదే మనిషి గాలివాలుకు ఎదురుగా నిలబడకుండా.

మంచం కింద సూట్‌కేసులూ అట్టపెట్టెలూ తీసెయ్యండి. తుడవడానికి చెయ్యి దూరని చోటు ఇంట్లో ఉండకూడదు. తుడవలేనంత సామానూ ఉండకూడదు.

షోకేసు, పూజగది, వంటగది

దుమ్ము మీద నిజమైన గెలుపు సామాను తగ్గించడంలోనే ఉంది. షోకేసుకు గాజు తలుపులు లేకపోతే పెట్టించండి, పెట్టించలేకపోతే ఖాళీ చెయ్యండి. సన్మానాల షీల్డులు, ప్లాస్టిక్ పూలు, పెళ్లిళ్లలో ఇచ్చిన గాజు బొమ్మలు ఒక్కొక్కటీ పది మూలలున్న దుమ్ము గూళ్లు. ఉంచుకోదగ్గవి కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలు. కానీ రెండింటినీ ఒకేలా తుడవకండి. కొండపల్లి బొమ్మ తెల్ల పొనికి చెక్క. తేలికైనది, తడి పీల్చుకుంటుంది, రంగు లేస్తుంది. దానికి పొడి మెత్తటి పెయింట్ బ్రష్షే, అదీ వరండాలో. ఏటికొప్పాకది అంకుడు కర్ర మీద లక్క నునుపు. కొద్దిగా చెమ్మ గుడ్డతో తుడిచి వెంటనే పొడిగుడ్డ పెడితే చాలు, మెరుపు తిరిగొస్తుంది.

ప్లాస్టిక్ పూల బదులు కుండీల్లో మొక్కలు పెడితే గాలి శుభ్రమవుతుందని చాలామంది నమ్మకం. 1989లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా చేసిన పరీక్ష నుంచి వచ్చిన మాట అది. ఆ పరీక్ష మూసిన పెట్టెల్లో, రసాయనాల ఆవిరి మీద జరిగింది. దుమ్ముకూ దానికీ పొత్తు లేదు. మొక్కలు ఇష్టమైతే పెంచండి, ఆకులు మాత్రం తుడవండి.

పూజగది మాట ఎత్తితే కోపం వస్తుందని తెలుసు. అయినా చెప్పాలి. అగరొత్తులదీ సాంబ్రాణిదీ చాలా సన్నటి పొగ. దేవుడి పటాల అద్దాల మీద వేలు రాస్తే అంటే నల్లటి జిడ్డు అదే. తలుపు మూసిన చిన్న గదిలో గుత్తిగా వెలిగించడం కంటే ఒక్కటి, కిటికీ దగ్గర వెలిగించండి. ఉబ్బసం ఉన్న పిల్లలుంటే ఆ ఒక్కటీ మానేసి పూలతో పూజ చేయండి. భక్తికి ఏ లోటూ రాదు.

వంటగది దుమ్ము వేరే జాతి. తాలింపు వేసినప్పుడల్లా నూనె ఆవిరి పైకి లేచి అరల మీద, గొట్టాల మీద, ఎగ్జాస్ట్ రెక్కల మీద పలుచగా కూర్చుంటుంది. దాని మీద వాలిన దుమ్ము ఇక కదలదు. మామూలు తడిగుడ్డ దాన్ని పులమడమే తప్ప తియ్యదు. గోరువెచ్చటి నీళ్లలో గిన్నెల సబ్బు, లేదా కుంకుడు రసం కలిపి ఆ జిడ్డు మీద పూసి పావుగంట నాననిచ్చాకే గుడ్డ పెట్టండి. మరుసటి రోజు నుంచి స్టవ్ వెలిగించే ముందే ఎగ్జాస్ట్ వెయ్యండి, మిరపకాయల ఘాటు నషాళానికి అంటాక కాదు.

కిటికీలు, గుమ్మం

తెల్లవారగానే కిటికీలన్నీ బార్లా తెరవడం మరో అలవాటు. డిసెంబరు, జనవరి నెలల్లో అది మానుకోండి. చలికాలం తెల్లవారుజామున నేల దగ్గరి గాలి చల్లగా, బరువుగా పైకి పోకుండా నిలిచిపోతుంది. రాత్రంతా పోగైన పొగా దుమ్మూ మన కిటికీల ఎత్తులోనే ఉంటాయి. ఎండెక్కి మంచు విడిచాక, పదకొండు దాటాక తెరవండి. సాయంత్రం బండ్ల రద్దీ మొదలయ్యేలోగా రోడ్డు వైపువి మూసేయండి.

ఊరిని బట్టి దుమ్ము మారుతుంది. విశాఖ ఓడరేవు దగ్గర పాతనగరం, జ్ఞానాపురం ఇళ్లలో బొగ్గు పొడి. గోదావరి జిల్లాల్లో రైసు మిల్లుల పక్కన నల్లటి ఊక బూడిద, తీగ మీది బట్టల మీద వాలుతుంది. తాండూరు, బేతంచర్లల్లో నాపరాళ్ల పాలిషు పొడి. హైదరాబాదులో కోకాపేట, నార్సింగి వైపు ఆకాశమంత టవర్లు లేస్తున్న చోట సిమెంటు. 2019 జనవరిలో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో హైదరాబాదు, విజయవాడ, విశాఖ, గుంటూరు ఉన్నాయి. రోడ్ల దుమ్ము సంగతి ఆ జాబితా పెట్టినవాళ్లు చూడాలి. అలాంటి చోట ఉన్నవాళ్లు గాలి వచ్చే వైపు కిటికీ దోమల మెష్‌ను పది రోజులకోసారి తడి స్పాంజితో రెండువైపులా తుడవండి. పొడి బ్రష్ కొడితే మెష్‌లో చిక్కిందంతా లోపలికే.

గుమ్మం దగ్గర పట్టాలు రెండు కావాలి, బయట గరుకు పీచుది, లోపల నూలుది. చెప్పులు బయటే విడుస్తాం, అది మనవాళ్ల మంచి ఆచారం. ఆ తర్వాత చెప్పుల స్టాండును తలుపు లోపల పెట్టుకుంటున్నాం, అది చెడగొట్టుకోవడం. పెరట్లో కాళ్లు కడుక్కుని లోపలికొచ్చే అలవాటు అపార్టుమెంట్లలో పోయింది. బయటినుంచి వచ్చినవాళ్లు నేరుగా బాత్రూముకు వెళ్లి కాళ్లు కడిగి తుడుచుకుంటే నేల సగం శుభ్రంగా ఉంటుంది.

చుట్టాల సంగతి. గంటలో వస్తున్నామంటే చీపురు, గుడ్డ రెండూ ముట్టకండి. అప్పుడు లేపింది వాళ్లు కాఫీ తాగుతుండగా వాళ్ల మీదే దిగుతుంది. పేపర్లు సర్దండి, మంచినీళ్లు పెట్టండి, కూర్చోబెట్టండి.

పండగ దులుపుడు, పనిమనిషి

సంక్రాంతికి ముందు ఏడాది దుమ్మంతా ఒక్క రోజులో దించే పద్ధతి నాకు భయం. ఆ రోజు రాత్రి ఎన్ని ఇళ్లలో పిల్లలు దగ్గుతూ కూర్చుంటారో! రోజుకొక గది చొప్పున వారం పెట్టుకోండి. ఆ గది తలుపు మూసి, కిటికీ తెరిచి, పై నుంచి కిందికి రండి. ఉబ్బసం ఉన్నవాళ్లూ పసిపిల్లలూ ఆ పూటకు ఇంకో ఇంట్లో ఉండాలి. పాత సామాను భోగిమంటలో వేస్తే కర్రలే వెయ్యండి. ప్లాస్టిక్, ఫోము, రంగులేసిన ప్లైవుడ్ వద్దు. ఇంట్లోంచి తోలేసిన విషాన్ని పొగ చేసి వీధికి పంచకూడదు.

మన ఇంటి దుమ్ము అందరికంటే ఎక్కువ పీల్చేది ఇంట్లోవాళ్లు కాదు, పనిమనిషి. రోజుకు నాలుగైదు ఇళ్లు పొడిగా ఊడ్చి, చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటుంది. కొంగు ముతక దుమ్మునే ఆపుతుంది. అటక దించే రోజున ఆమెకు ఎన్95 మాస్కు ఇవ్వండి, ముక్కు దగ్గర ఎలా నొక్కాలో చూపించండి. వారానికి రెండు రోజులే ఊడవమన్నారని జీతం తగ్గించకండి. తడిగుడ్డ పని చీపురు పనికన్నా నడుముకు బరువు. గొంతుక్కూర్చుని పాక్కుంటూ తుడవక్కర్లేకుండా నిలబడి తుడిచే పొడవాటి మాపు, పిండే బకెట్ కొనిపెట్టండి. ఖర్చు మీదే.